ఒక కుర్చీ తక్కువ

చీకట్లో మనిషిని నడిపించడం ఒక విద్య. లైటు మొహం మీద పడకూడదు, తెర మీద పడకూడదు, పక్కవాళ్ళ ఒళ్ళో పడకూడదు. అడుగు ఎక్కడ వెయ్యాలో అక్కడ, నేల మీద, అరచెయ్యంత మేర పడాలి. ఆ విద్య బాబాయ్‌కి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని ఆ సినిమా హాల్లో అందరూ ఒప్పుకుంటారు. చేతిలో ఎప్పుడూ బ్యాటరీ లైటు ఉంటుంది కాబట్టి ఆయన బ్యాటరీ బాబాయ్ అయ్యాడు. అసలు పేరు ఏ కాగితంలోనో ఉంటే ఉండాలి. పిలిచేవాళ్ళు లేక అది ఆయనకే పరాయిదైపోయింది.

చదివింది పల్లెటూరి బడిలో ఏడో తరగతి దాకా. మిగతా పాఠాలు ఎలా ఉన్నా లెక్కలంటే చెవి కోసుకునేవాడు. ఒక అంకెను దానితోనే గుణిస్తే వచ్చేది వర్గమని, ఏడేడ్లు నలభై తొమ్మిదిలో నలభై తొమ్మిది వర్గమైతే ఏడు దాని మూలమని పంతులుగారు చెప్పారు. ఎంత పెద్ద అంకె ఇచ్చినా రెండేసి స్థానాలుగా విడగొట్టి, పలక మీద మెట్లు మెట్లుగా దిగుతూ మూలం తీసే పద్ధతి కూడా ఆయనే నేర్పారు. ఆ పద్ధతి జీవితంలో దేనికీ పనికిరాదని క్లాసులో అందరూ అనుకున్నారు. బాబాయ్ కూడా అనుకున్నాడు.

పెద్దయ్యాక పట్నం వచ్చి ఈ హాల్లో కుదిరాడు. పెళ్ళయింది. ఆమెకి సినిమాలంటే ప్రాణం. తీరిక దొరికినప్పుడల్లా మ్యాట్నీకి వచ్చేది. ఎప్పుడూ రెండు టికెట్లు కొనేది.

"రెండోది ఎవరికి?" అనేవాడు బాబాయ్.

"మీకే. ఒక్క పది నిమిషాలు వచ్చి కూర్చోకూడదా?"

"డ్యూటీలో కూర్చుంటే మేనేజరు ఊరుకుంటాడా?"

ఆమె పక్కన ఆ కుర్చీ సినిమా అయ్యేదాకా ఖాళీగా ఉండేది. బాబాయ్ తలుపు దగ్గర నిలబడి ఆ రెండు కుర్చీల వైపే చూసేవాడు. పెళ్ళయిన మూడో ఏడు జ్వరం వచ్చి ఆమె వెళ్ళిపోయింది. పిల్లల్లేరు.

పదిహేను రోజుల తర్వాత డ్యూటీకి వచ్చాడు. హాలు నిండిన రోజది. మొదట వచ్చింది ఒక కుటుంబం, అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. వాళ్ళ మొహాల వైపు చూడటానికి బాబాయ్‌కి ధైర్యం చాలలేదు. టికెట్ల వైపు చూశాడు. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. కూర్చోబెట్టి తలుపు దగ్గరికొచ్చి, మనసు ఇంకోవైపు పోకుండా ఆ నాలుగు అంకెల్ని గుణించాడు. పదహారు వందల ఎనభై. దానికి మూలం తీద్దామని చూస్తే కుదరలేదు. నలభై ఒకటిని నలభై ఒకటితో గుణిస్తే పదహారు వందల ఎనభై ఒకటి. ఒక్కటి తక్కువైంది.

మర్నాడు నాలుగో వరసలో యాభై, యాభై ఒకటి, యాభై రెండు, యాభై మూడు. వేరే కుటుంబం, వాళ్ళూ నలుగురే. గుణిస్తే డెబ్భై లక్షల పైచిలుకు. చింపిన టికెట్టు ముక్క వెనక పెన్సిలుతో మూలం తీశాడు. మళ్ళీ ఒక్కటంటే ఒక్కటి తక్కువ. తనకి కలిగిన వెలితి లాంటిదే అంకెల్లోనూ దేవుడు పెట్టాడనిపించింది. ఆ ఊహ తప్పో ఒప్పో గాని, ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినగలిగాడు.

అలా పట్టుకున్నది పందొమ్మిదేళ్ళు వదల్లేదు. వరసగా ఉన్న ఏ నాలుగు అంకెల్ని గుణించినా ఒక వర్గానికి సరిగ్గా ఒకటి తక్కువ వస్తుందని ఆయన నమ్మకం. దానికి ఆయన పెట్టుకున్న నియమం ఒకటుంది. ఊరికే కూర్చుని ఇష్టమొచ్చిన అంకెలు గుణించకూడదు. నిజంగా నలుగురు మనుషులు వచ్చి, నాలుగు కుర్చీల్లో పక్కపక్కన కూర్చోవాలి. అప్పుడే ఆ లెక్క లెక్క. హాల్లో మొదటి కుర్చీ నుంచి చివరి కుర్చీ దాకా ఒకే వరస అంకెలు. ఆ పటం పెద్ద కాగితం మీద గీసి గదిలో గోడకి అంటించాడు. నలుగురు వచ్చిన మర్నాడు పొద్దున్నే లెక్క చేసి నోటు పుస్తకంలో రాసి, పటంలో టిక్కు పెట్టేవాడు. వెనక వరసలన్నీ ఎప్పుడో అయిపోయాయి. ముందు మూడు వరసల్లోనే ఖాళీలు మిగిలాయి. మెడలు నొప్పెడతాయని పిల్లలున్నవాళ్ళు అక్కడ కూర్చోరు.

"ఏం బాబాయ్, మీ నలుగురూ వచ్చారా ఇవాళ?" అని క్యాంటీనాయన రోజూ వేళాకోళం చేసేవాడు. వాళ్ళెవరో, వాళ్ళతో బాబాయ్‌కి పనేంటో ఆయనకి తెలీదు. అయినా ఒక గ్లాసు టీ మాత్రం అడక్కుండానే పక్కన పెట్టేవాడు.

ఇక ముప్ఫై ఎనిమిదో కుర్చీ సంగతి చెప్పాలి. కిందటేడు వానల్లో ఒక భారీ మనిషి కూర్చుంటే మూడో వరసలో ఆ కుర్చీ కాలు విరిగింది. వడ్రంగి చూసి పెదవి విరిచాడు. మధ్యలో ఖాళీ ఉంటే చీకట్లో ఎవరైనా పడతారని మేనేజరు అటుపక్క కుర్చీల్ని ఇటు జరిపించి బిగించేశాడు. పారేస్తామన్న కుర్చీని బాబాయ్ అడిగి గదికి తెచ్చుకున్నాడు. చెక్కపెట్టె బద్ద ఒకటి కాలుగా కొట్టుకున్నాడు. అప్పటిదాకా ఆయన గదిలో కుర్చీ లేదు, మంచమే అన్నిటికీ.

కానీ హాల్లో మాత్రం తిప్పలొచ్చింది. అలవాటు కొద్దీ ముప్ఫై ఏడు తర్వాత ముప్ఫై ఎనిమిది కోసం వెతికి, జనాన్ని ఒక కుర్చీ అవతలికి పంపేవాడు. ఒకళ్ళ ఒళ్ళో ఇంకొకళ్ళు కూర్చోబోయిన రోజులున్నాయి. మేనేజరు నలుగురిలో చివాట్లు పెట్టాడు. దాంతో బాబాయ్ నెలరోజులు, స్నానం చేస్తూ, బట్టలు ఉతుకుతూ, జపం చేసినట్టు అదే చెప్పుకున్నాడు. ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు, ముప్ఫై తొమ్మిది, నలభై. చివరికి నాలుక దారికొచ్చింది. ముప్ఫై ఎనిమిది అనే అంకె ఆయన నోట్లోంచి పూర్తిగా చెరిగిపోయింది.

ప్రతి బుధవారం మ్యాట్నీకి ఒక పెద్దావిడ ఒంటరిగా వచ్చేది. రిటైరైన లెక్కల టీచరు. కళ్ళకి ఆపరేషనయ్యాక చీకట్లో మెట్టు కనపడేది కాదు. బాబాయ్ ఆవిడ కన్నా అరడుగు ముందు నడుస్తూ, ప్రతి మెట్టు మీదా లైటు ఒక్క క్షణం నిలిపేవాడు. చెయ్యి పట్టుకోమని ఆవిడ అడగలేదు, పట్టుకుంటానని ఆయన అనలేదు. నాలుగేళ్ళుగా ఆ మెట్లు అలాగే దిగారు.

ఒక బుధవారం ఇంటర్వెల్లో టీ తాగుతూ ఆవిడ అడిగింది.

"టికెట్టు ముక్కల వెనకాల ఏం రాస్తుంటారు మీరు? ఎప్పుడు చూసినా పెన్సిలు చేతిలోనే ఉంటుంది."

బాబాయ్ పెన్సిలు జేబులో దాచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"లెక్కండి."

"ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలే చెప్పాను. నా దగ్గర భయమెందుకు, చెప్పండి."

చెప్పాడు. మొదట తడబడ్డాడు, తర్వాత ఆగకుండా చెప్పాడు. టీచరమ్మ గ్లాసులో టీ మీగడ కట్టింది.

"ఎన్నిటికి సరిచూశారు?"

"హాలంతా అయిపోయిందండి. ముందు మూడు వరసల్లో ఇంకో ఇరవై ఒక్క చోట్ల నలుగురు కూర్చోవాలి. అదీ అయిపోతే రుజువైపోయినట్టే."

"హాలు బయట అంకెలు లేవా?"

"మా హాల్లో అన్నే కుర్చీలండి."

టీచరమ్మ నవ్వింది. ఎగతాళి లేని నవ్వు. "సరిచూడటం వేరు, రుజువు వేరండీ. వెయ్యిసార్లు సరిపోయింది, వెయ్యిన్నొకటోసారి సరిపోతుందో లేదో ఎవరు చూశారు? ఎందుకలా అవుతోందో చెప్పగలిగితే ఇక చూడక్కర్లేదు. చూడనివాటికీ అదే సమాధానం."

"నమ్మకం చాలదాండీ?"

"దేవుడికి చాలు. అంకెలకి చాలదు."

క్యాంటీనాయన గ్లాసులు కడుగుతూ అందుకున్నాడు. "మా బాబాయ్‌కి అంకెలు తప్ప చుట్టాలు లేరు టీచరమ్మా. వాటినీ అనుమానించమంటే ఎలా?"

అందరూ నవ్వారు. బాబాయ్ కూడా నవ్వాడు గాని, ఆ మాట గుండెలో ఎక్కడో దిగింది. నిజమే కదా. ఆ నమ్మకం తీసేస్తే తన దగ్గర ఇంకేం ఉంది? ఒక మంచం, ఒక బ్యాటరీ లైటు. మొదటిసారి తన లెక్కని ఒక మనిషి చెవిన వేశాడు. ఆ మనిషి విని కూర్చుంది. ప్రతి బుధవారం ఎన్ని టిక్కులు పెరిగాయో ఆవిడకి చెప్పడం కోసం మిగతా ఆరు రోజులూ గడపడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, సెలవురోజు మ్యాట్నీకి హాలు కిక్కిరిసింది. ఆలస్యంగా వచ్చిన ఒక కుటుంబానికి మూడో వరసే దొరికింది. భార్యాభర్తలు, రెండు జడల ఆడపిల్లలిద్దరు. బాబాయ్ టికెట్లు చూసి, పోగొట్టుకున్న వస్తువు దొరికినట్టు సంబరపడ్డాడు. పటంలో అక్కడ టిక్కు లేదు.

"రండమ్మా, ఇలా రండి. ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు, ముప్ఫై తొమ్మిది, నలభై. వరసగా ఉన్నాయి, కూర్చోండి."

మర్నాడు పొద్దున కుర్చీలో కూర్చుని లెక్క మొదలుపెట్టాడు. గుణిస్తే ఇరవై లక్షల డెబ్భై ఏడు వేల తొమ్మిది వందల ఇరవై. మూలం తీశాడు. కుదరలేదు. పధ్నాలుగు వందల నలభై రెండు వర్గం చూస్తే, దానికి ఒకటి కాదు, ఏకంగా పధ్నాలుగు వందల నలభై నాలుగు తక్కువ. గుణకారంలో తప్పు చేశాననుకుని మళ్ళీ చేశాడు. కింది నుంచి పైకి గుణించాడు. ఎటు నుంచి చూసినా అదే అంకె. స్టవ్ మీద పెట్టిన నీళ్ళు మరిగి మరిగి ఆవిరైపోయి గిన్నె మాడిన వాసన వచ్చేదాకా ఆయనకి తెలియలేదు.

నోటు పుస్తకంలో రాశాడు. "36, 37, 39, 40. తక్కువ 1444." ఆ పేజీ చింపేద్దామని అంచు పట్టుకున్నాడు. చింపితే దొంగతనమవుతుందని వదిలేశాడు. టీచరమ్మ ముందే అంది కదా, వెయ్యిన్నొకటోసారి ఎవరు చూశారని. ఇప్పుడు ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? పందొమ్మిదేళ్ళు ఒక అబద్ధాన్ని ఇంట్లో పెట్టుకుని పోషించానని చెప్పాలా?

బాల్కనీ చూసుకునే మనిషిని బతిమాలి, బుధవారం డ్యూటీ మార్పించుకున్నాడు. రెండు బుధవారాలు పైనే ఉన్నాడు. కింద మెట్ల దగ్గర లైటు అటూ ఇటూ ఊగడం పైనుంచి కనపడింది. అలా ఊపకూడదు, ఆవిడకి మెట్టు తెలీదు అని నోటిదాకా వచ్చింది. కిందికి దిగలేదు. సినిమా నడుస్తున్నంతసేపూ రెయిలింగు పట్టుకుని నిలబడి ఆవిడ తెల్లని జుట్టునే చూశాడు.

రెండో బుధవారం గడిచాక, గురువారం పొద్దున తలుపు చప్పుడైంది. బాబాయ్ గది తలుపు ఎవరూ కొట్టరు. తీసి చూస్తే క్యాంటీనాయన, వెనక టీచరమ్మ.

"ఇదుగో మీ మనిషి టీచరమ్మా. అప్పగించేశాను, నా పాలు పొంగిపోతాయి," అని క్యాంటీనాయన అక్కణ్ణించే తిరిగిపోయాడు.

టీచరమ్మ గుమ్మంలోనే నిలబడి అంది. "మీ బాల్కనీ అబ్బాయి లైటు నా కళ్ళల్లోకి కొట్టాడు. కిందటి వారం మెట్టు తప్పి మోకాలు కొట్టుకుంది. నా మీద కోపమేంటో అడిగి పోదామని వచ్చాను."

"అయ్యో, కోపమెందుకండీ. రండి, కూర్చోండి."

ఉన్న ఒక్క కుర్చీ కిటికీ బల్లకి ఎదురుగా ఉంది. గది ఇరుకు, దాన్ని తిప్పడానికి వీలు లేదు. ఆవిడ బల్ల వైపు తిరిగి కూర్చుంది. బాబాయ్ వెనక మంచం మీద కూర్చున్నాడు. ఆవిడ వీపు చూస్తూ మాట్లాడటం ఆయనకి సులువైంది. మొహం కనపడితే చెప్పలేకపోయేవాడేమో.

"లెక్క తప్పిందండి," అన్నాడు. "మూడో వరసలో. ఒక్కటి కాదు, పధ్నాలుగు వందల నలభై నాలుగు తక్కువొచ్చింది. నాది ఉత్త భ్రమ."

బల్ల మీద నోటు పుస్తకం తెరిచే ఉంది. టీచరమ్మ దాని మీదికి వంగి చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. మీరే చెప్పండి. ఏ కుర్చీలు?"

"ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు, ముప్ఫై తొమ్మిది, నలభై."

"మళ్ళీ చెప్పండి."

"ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు, ముప్ఫై తొమ్మిది, నలభై."

"ఇంకొక్కసారి. నన్ను చీకట్లో నడిపించుకెళ్తున్నట్టు చెప్పండి. ఒక్కో కుర్చీ దగ్గర ఆగి."

బాబాయ్ కళ్ళు వాల్చి మొదలుపెట్టాడు. ముప్ఫై ఆరు. ముప్ఫై ఏడు. ఆగాడు. ఎదురుగా, ఆవిడ కూర్చున్న కుర్చీ వెనక చెక్కకి, చిన్న రేకు బిళ్ళ. తెల్ల రంగుతో అంకె. ఏడాదిగా ఆ కుర్చీకి వీపు ఆనించి కూర్చున్నాడే గాని, ఆ బిళ్ళ మీద అంకె ఎప్పుడూ చదవలేదు.

మంచం మీంచి వంగి ఆ బిళ్ళ మీద వేలు ఆనించాడు.

"మీరు కూర్చున్నది ముప్ఫై ఎనిమిదండీ," అన్నాడు.

"అలాగా," అంది టీచరమ్మ, వెనక్కి తిరక్కుండానే.

బాబాయ్ నవ్వాడు. నవ్వు ఆగక పొట్ట పట్టుకున్నాడు. పక్కగది వాళ్ళు గోడ కొట్టి "ఏమైంది?" అని అడిగారు. ఆ గోడ అవతలి వాళ్ళకి ఆయన నవ్వు వినపడటం అదే మొదలు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, నోటు పుస్తకం అందుకుని ఆ పేజీ చింపబోయాడు.

"చింపకు నాయనా," అంది టీచరమ్మ. మొదటిసారి నువ్వు అంది.

"తప్పుడు లెక్క కదండీ."

"వరస తప్పు. లెక్క తప్పు కాదు. ఉండనీ, అదీ నీదే." కళ్ళజోడు పెట్టుకుని లేచింది. "ఇప్పుడు అసలు సంగతి. ఎందుకు ఒకటి తక్కువొస్తోంది? నువ్వు కుర్చీలు సర్దినవాడివి. గుణకారమంటే కుర్చీలే కదా. రెండు ఐదులంటే రెండు వరసలు, వరసకి ఐదు కుర్చీలు. రెండు చివర్లా కూర్చున్న ఇద్దర్ని ఒక జట్టు చెయ్యి, మధ్యలో ఇద్దర్ని ఒక జట్టు చెయ్యి. సర్ది చూడు. బుధవారం కింద డ్యూటీకి రా. నా మోకాలికి ఇంకో దెబ్బ తట్టుకునే ఓపిక లేదు."

ఆ ఆరు రోజులూ పొద్దున్నే టికెట్టు ముక్కలు నేలమీద పరిచి బాబాయ్ హాళ్ళు కట్టాడు, పడగొట్టాడు. ఐదో రోజు సర్దుతున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. లేచి దేవుడి పటం ముందు నిలబడి దణ్ణం పెట్టుకున్నాడు. ఏమీ అడగలేదు.

బుధవారం ఇంటర్వెల్లో క్యాంటీను బల్ల మీద సంచీ కుమ్మరించాడు.

"నా బల్ల మీద కొత్త థియేటరు కడుతున్నారా?" అన్నాడు క్యాంటీనాయన. అంటూనే గ్లాసులు తీసి, బల్ల తడి లేకుండా తుడిచాడు.

"రెండు, మూడు, నాలుగు, ఐదు అనుకోండి టీచరమ్మా," బాబాయ్ ముక్కలు పేర్చాడు. "చివరివాళ్ళు రెండు, ఐదు. రెండు వరసలు, వరసకి ఐదు. ఇప్పుడు ఒక్కో వరస నుంచి ఒక్కో కుర్చీ తీశాను. వరసకి నాలుగు మిగిలాయి. తీసినవి రెండున్నాయి కదా, వాటితో కింద కొత్త వరస వేశాను. మూడు వరసలయ్యాయి. కొత్త వరసకి కూడా నాలుగు కావాలి, రెండే ఉన్నాయి. రెండు తక్కువ. అవి రెండూ వేస్తే మూడు నాలుగులు. అంటే మధ్యలో ఇద్దరి జట్టు. మధ్యవాళ్ళు ఎప్పుడూ చివరివాళ్ళ కన్నా రెండే ఎక్కువ."

"రెండూ ఐదూ కాకపోతే?"

"ఏవైనా సరేనండీ. చివరివాళ్ళిద్దరికీ తేడా ఎప్పుడూ మూడే కదా. వరసకి ఒక్కోటే తీస్తున్నాను, కాబట్టి పాత వరసలెన్నో కొత్త వరసలో కుర్చీలన్నే. ఎన్ని వేల వరసలున్నా ఆ రెండే తక్కువవుతాయి."

"ఊఁ. తర్వాత?"

"ఇక్కడ చివరివాళ్ళు పది, మధ్యవాళ్ళు పన్నెండు. నాలుగు అంకెల్నీ గుణించడమంటే పదిని పన్నెండుతో గుణించడమే." పది వరసలు, వరసకి పన్నెండు ముక్కలు పేర్చాడు. క్యాంటీనాయన కూడా ఒక చెయ్యి వేశాడు. "మళ్ళీ ఒక్కో వరస నుంచి ఒక్కోటి తీశాను. వరసకి పదకొండు. తీసినవి పది, కింద వేశాను. వరసలు పదకొండయ్యాయి. పదకొండు పదకొండ్లు కావాలంటే..."

చివరి వరస చివర చోటు ఖాళీగా ఉంది.

"ఒక్క కుర్చీ తక్కువ," అన్నాడు బాబాయ్. "ఎప్పుడూ ఆ ఒక్కటే."

టీచరమ్మ చేతిసంచీలోంచి ఆ రోజు తన టికెట్టు ముక్క తీసి, ఆ ఖాళీలో పెట్టింది. బల్ల మీద చదరం నిండింది. క్యాంటీనాయన తడిగుడ్డ భుజాన వేసుకుని, వరసలన్నీ మొదట్నించి వేలితో లెక్కపెట్టాడు.

"ఇది రుజువు," అంది టీచరమ్మ. "ఇక ఏ నలుగురి కోసమూ ఎదురు చూడక్కర్లేదు నువ్వు."

"మీకు ముందే తెలుసాండీ ఇది?"

"టీ చల్లారిపోతోంది," అంది.

టీ తాగాక, ఇవాళ్టిదే తన చివరి బుధవారమని చెప్పింది. ఒక్కతే ఉండకూడదని తమ్ముడు పట్టుబట్టి తన ఊరికి తీసుకుపోతున్నాడట. సినిమా అయ్యాక బాబాయ్ ఎప్పటిలాగే అరడుగు ముందు నడుస్తూ ప్రతి మెట్టు మీదా లైటు నిలిపాడు. పైమెట్టు దగ్గర ఆవిడ ఆయన మోచెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది. తలుపు అవతల ఎండ బాగా ఉంది, లైటు అక్కర్లేదు.

ఆ తర్వాతి రోజులు బాబాయ్ అనుకున్నట్టు లేవు. రుజువయ్యాక సంతోషం నాలుగు రోజులుంది. ఐదో రోజు ఒక కుటుంబం వచ్చింది, నలుగురు, రెండో వరస, టిక్కు లేని చోటు. చెయ్యి అలవాటుగా పెన్సిలు కోసం జేబులోకి పోయింది. ఎందుకు? ఒకటి తక్కువొస్తుందని తెలుసు. లెక్కించినా అదే, మానినా అదే. వాళ్ళు కూర్చున్నారు, సినిమా చూశారు, వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళుగా ఆ నలుగురేసి మనుషులు తనకి పొద్దుటి తోడుగా ఉండేవారని, ఇప్పుడు వాళ్ళు కూడా లేరని అప్పుడు తెలిసింది.

"ఏం బాబాయ్, మీ నలుగురూ?" అని క్యాంటీనాయన అడగడం కూడా మానేశాడు. బుధవారం ఇంటర్వెల్లో మాత్రం టీచరమ్మ తాగే చక్కెర తక్కువ టీ ఒకటి పొరపాటున కలిపి, "నువ్వే తాగు బాబాయ్," అని ఇచ్చేవాడు. ప్రతి బుధవారం ఆ పొరపాటు చేసేవాడు.

నెలన్నర గడిచింది. ఒక పొద్దున గది సర్దుతూ నోటు పుస్తకాలు అటక మీద పెట్టేద్దామని కట్ట కడుతుంటే, పైన ఉన్నది జారి నేలమీద తెరుచుకుంది. "36, 37, 39, 40. తక్కువ 1444." చింపకు నాయనా, అదీ నీదే, అన్న మాట గుర్తొచ్చి, కట్ట పక్కన పెట్టి కూర్చున్నాడు.

ఊరికే చూస్తుంటే చెయ్యి పాత అలవాటు కొద్దీ ఆ తక్కువని రెండేసి స్థానాలుగా విడగొట్టింది. పధ్నాలుగు. నలభై నాలుగు. మెట్లు దిగింది. మిగులు లేకుండా దిగింది. మూలం ముప్ఫై ఎనిమిది.

బాబాయ్ లేచి కుర్చీ వెనక వంగి బిళ్ళ చూశాడు, అంకె మర్చిపోయినట్టు. మళ్ళీ కూర్చుని చిన్న అంకెలు పట్టాడు. ఒకటి, రెండు, నాలుగు, ఐదు. మధ్యలో మూడు లేదు. గుణిస్తే నలభై. నలభై తొమ్మిదికి తొమ్మిది తక్కువ. మూడు మూళ్ళు తొమ్మిది. రెండు, మూడు, ఐదు, ఆరు. నాలుగు లేదు. నూట ఎనభై. పధ్నాలుగు పధ్నాలుగ్లకి పదహారు తక్కువ. నాలుగు నాలుగ్లు పదహారు. వరసలో ఎవరు లేరో వాళ్ళని వాళ్ళతోనే గుణించి తెచ్చి వేస్తే చదరం నిండుతోంది.

ఆవిడ ఆ రోజు కళ్ళజోడు పెట్టుకునే పేజీ మీదికి వంగింది. అంతసేపు ఏం చూసిందో ఇప్పుడు అర్థమైంది.

మూడు సరిపోయాయి. నాలుగోది సరిచూడబోయి ఆగాడు. సరిచూడటం వేరు. అటక మీద పెట్టబోయిన సంచీ కిందికి దించి, టికెట్టు ముక్కలు నేలమీద కుమ్మరించాడు. వాటిలో ఒకటి మాత్రం తీసి విడిగా బల్ల మీద పెట్టాడు, అది చివరి బుధవారం టీచరమ్మ ఖాళీలో పెట్టినది. కుర్చీని పక్కకి లాగి, అది ఖాళీగా ఉండగా దాని పక్కనే నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండు ముక్కలు ఇటు పెట్టాడు, రెండు అటు పెట్టాడు, మధ్యలో చోటు వదిలాడు.

మ్యాట్నీకి ఇంకా రెండు గంటల టైముంది.